నాగార్జునకొండ కథ చెప్పడానికి మేం రెడీగా ఉన్నాం, పిలవండి

కేంద్ర పురావస్తు శాఖ అధికారులకి, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రాల పురావస్తు శాఖ, టూరిజం శాఖ పెద్దలకి నమస్కారం అండి.

నేను పల్నాడులో జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచర్‌గా చేసి రిటైరయ్యాను. సర్వీసంతా శాతవాహనులు, వాళ్ళ తర్వాత ఇక్కడ ఏలిన ఇక్ష్వాకులు, వాళ్ళ రాజధాని విజయపురి, నాగార్జునకొండకి పాత పేరైన శ్రీపర్వతం అంటూ బోర్డు మీద రాస్తూనే గడిచిపోయింది. ఈ ఉత్తరంలో అడిగేది ఒక్కటే కాబట్టి ముందే అడిగేస్తాను, ఎందుకో తర్వాత రాస్తాను. మన మ్యూజియాల్లో, అందులోనూ ముందుగా నాగార్జునకొండలో, పైసా తీసుకోకుండా వచ్చి జనానికి చరిత్ర చెప్పేవాళ్ళని, చేసి చూపించేవాళ్ళని అధికారికంగా తీసుకోండి. ట్రైనింగ్ మీరే ఇవ్వండి, ఐడీ కార్డు మీరే ఇవ్వండి, రూల్స్ కూడా మీరే పెట్టండి. మనుషుల్ని మేం తెస్తాం. వాలంటీర్లు అనగానే మన దగ్గర పెన్షన్లు, పార్టీలు గుర్తొస్తాయని తెలుసు, దీనికీ వాటికీ ఏ సంబంధం లేదండి, ఇది ఓపిక ఉన్నవాళ్ళు, ఆ చోటు మీద ప్రేమ ఉన్నవాళ్ళు నెలకి రెండు మూడు రోజులు వచ్చి చేసే పని, అంతే.

పిల్లల్ని మ్యూజియానికి తీసుకెళ్ళిన ప్రతి టీచరుకీ తెలిసిన సంగతే చెప్తున్నా. బస్సు దిగగానే లైన్లో నిలబెడతాం, లెక్కపెడతాం, టికెట్లు తీసుకుంటాం, లోపలికెళ్తాం, కాసేపటికే అవతలి గేటు నుంచి బయటికొచ్చేస్తాం, పిల్లలు ఐస్‌క్రీం బండి దగ్గరికి పరిగెడతారు. ఒక మ్యూజియంలో, పేరు ఇప్పుడెందుకులెండి, ఏడో క్లాసు పిల్ల ఒకమ్మాయి ఒక చెక్కడం ముందు ఆగిపోయి "టీచర్, ఈయనెందుకు కాలు కోసుకుంటున్నాడు?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు అక్కడున్న సిబ్బంది "ఆగొద్దు, నడవండి నడవండి, వెనక జనం ఉన్నారు" అని తరిమారు. వాళ్ళని తప్పుపట్టట్లేదు, అంత జనంలో వస్తువుని ఎవరూ ముట్టుకోకుండా కాపాడటమే వాళ్ళ డ్యూటీ, అది వాళ్ళు సరిగ్గానే చేస్తున్నారు. కానీ ఆ పిల్ల అడిగింది శిబి చక్రవర్తి గురించండి. డేగ తరుముకొస్తే పావురం వచ్చి రాజు ఒళ్ళో పడింది, పావురాన్ని ఇవ్వను, దాని ఎత్తు మాంసం నా తొడ నుంచి కోసిస్తాను అన్నాడు, తక్కెడ ఎంతకీ తూగలేదు. ఈ కథ వినకుండా పెరిగిన తెలుగు పిల్లలు తక్కువ. అదే కథని బౌద్ధులు బుద్ధుడి పూర్వజన్మ కథగా చెప్పుకున్నారు, మన కృష్ణా ఒడ్డు శిల్పులు దాన్ని పల్నాటి సున్నపురాయి మీద చెక్కారు. పక్కన బోర్డు మీద ఏముందంటే రాయి రకం, శతాబ్దం, దొరికిన ఊరు. ఆ పిల్లకి కథా తెలుసు, రాయీ ఎదురుగానే ఉంది, ఆ రెండిటినీ కలిపే మనిషి ఒక్కడు లేక ముందుకి నడిచి వెళ్ళిపోయింది. నాకు ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

మా అబ్బాయి కాలిఫోర్నియాలో ఉంటాడు. వాడి దగ్గరికి వెళ్ళినప్పుడు మౌంటెన్ వ్యూలో ఉన్న కంప్యూటర్ హిస్టరీ మ్యూజియానికి తీసుకెళ్ళాడు. అక్కడ ఒక గదిలో ఐబీఎం 1401 అని, 1959లో వచ్చిన కంప్యూటర్‌ని నడిపి చూపిస్తారు. అద్దాల వెనక పెట్టిన బొమ్మ కాదు, నిజంగా నడుస్తుంది. ఎప్పుడో మూలనపడ్డ మెషీన్లని తెచ్చి, ఐబీఎంలాంటి చోట్ల పనిచేసి రిటైరైన ఇంజనీర్లు ఏళ్ళ తరబడి జీతం లేకుండా కూర్చుని ఒక్కో భాగం చెక్ చేసుకుంటూ బతికించారట. మేం వెళ్ళిన రోజు చూపించినాయన నాకంటే పెద్దాయనే. ఒక పిల్లాణ్ణి పంచింగ్ మెషీన్ ముందు కూర్చోబెట్టి నీ పేరు కొట్టు అన్నాడు, వాడు ఒక్కో అక్షరం నొక్కుతుంటే అట్ట కార్డు మీద టకటకా చిల్లులు పడుతున్నాయి, ఒక కార్డుకి 80 అక్షరాలే పడతాయని చెప్పాడు, ఆ కార్డుని తీసుకెళ్ళి రీడర్‌లో పెట్టగానే గదంతా ఒకటే మోత, అవతల ప్రింటర్ నిమిషానికి 600 లైన్లు కొట్టేస్తుంటే పిల్లలు చెవులు మూసుకుని నవ్వుతున్నారు. మధ్యలో కార్డు ఇరుక్కుంది. ఆయనేం కంగారుపడలేదు, మూత తీసి అందర్నీ దగ్గరికి పిలిచి ఎక్కడ ఇరుక్కుందో చూపించి, మా రోజుల్లో ఇది మామూలే, అర్ధరాత్రి ఫోన్ చేసి పిలిచేవాళ్ళు అని అప్పటి సంగతులు మొదలుపెట్టాడు. ఆ మెషీన్ అద్దె నెలకి 2,500 డాలర్ల నుంచి ఉండేదట, అప్పట్లో. అవన్నీ బోర్డు మీద రాసి పెట్టినా చదివేవాళ్ళం కాదు, ఆయన చెప్తే మాత్రం కాళ్ళు నొప్పులు మర్చిపోయి నిలబడ్డాం. మా పక్కన నిలబడి చూస్తున్నవాళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళ పిల్లలు ఆ చిల్లుల కార్డుని జేబులో పెట్టుకుని వెళ్ళారు. బయటికొచ్చాక మా అబ్బాయి చెప్పాడు, వీళ్ళు ఉద్యోగులు కాదమ్మా, వాలంటీర్లు అని. అరవై ఏళ్ళు దాటిన కంప్యూటర్‌కే వాళ్ళు అంత చేసుకుంటే, పదిహేడు వందల ఏళ్ళ కిందటి రాజధాని మన ఊరి పక్కన ఉంది, మనం ఇంకెంత చెయ్యాలి అని ఆ రాత్రంతా అదే ఆలోచన.

ఇది అమెరికా సంగతి, మన దగ్గర కుదరదు అని మాత్రం అనకండి. విశాఖ బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ఉంది కదా. 1969లో నేవీలో చేరింది, 2001లో పక్కకి తప్పించారు, 2002లో మ్యూజియం చేశారు. లోపల చూపించేది నేవీలో చేసి రిటైరైనవాళ్ళే. వాళ్ళకి జీతం ఉంటుంది, అది వేరే విషయం, నేను చెప్పేది ఏంటంటే ఆ ఇరుకు సందులో నిలబడి, డెబ్బై మందికి పైగా మనుషులు ఇందులో ఎలా పడుకునేవాళ్ళు, నీళ్ళు ఎంత పొదుపుగా వాడుకునేవాళ్ళు అని ఆ బతుకు బతికినవాళ్ళే చెప్తుంటే వినే లెవెల్ వేరు. అందుకే వైజాగ్ వెళ్ళొచ్చిన ఏ పిల్లాణ్ణి అడిగినా సబ్‌మెరైన్ గురించి గంటసేపు చెప్తాడు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో చూడండి, గంట కొట్టే టైంకి ఆ మ్యూజికల్ క్లాక్ ముందు ఎంత జనం కూర్చుంటారో. చిన్న గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోతుంది, అంతే, దాని కోసం పెద్దవాళ్ళు కూడా ముందే వచ్చి చోటు పట్టుకుంటారు. ఏదో ఒకటి జరిగే చోట మన జనం తప్పకుండా ఆగుతారు, మన జనానికి చరిత్ర అంటే ఇంట్రెస్ట్ లేదు అనే మాట నేను ఒప్పుకోను. ఢిల్లీ నేషనల్ మ్యూజియం కూడా పథ్ ప్రదర్శక్ అనే పేరుతో వాలంటీర్ గైడ్లని తీసుకుని ట్రైనింగ్ ఇచ్చింది. అంటే మన ప్రభుత్వ మ్యూజియాలకి ఇది కొత్త కాదు, రూల్స్ అడ్డమొస్తాయి అనడానికీ లేదు.

ఇక నాగార్జునకొండ దగ్గరికి వస్తాను. అసలు ఈ చోటుని లోకానికి చూపించిందే ఒక టీచరు అండి. 1926లో సూరపరాజు వెంకటరామయ్య గారు అనే స్థానిక ఉపాధ్యాయుడు ఆ లోయలో పాత స్తంభం ఒకటి చూసి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. అప్పుడు శాసనాల ఆఫీసు నుంచి రంగస్వామి సరస్వతి గారు వచ్చి చూశారు, ఆ తర్వాత పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ 1927 నుంచి 1931 దాకా తవ్వారు, 1938లో టి.ఎన్. రామచంద్రన్ గారు తవ్వారు, చివరికి డ్యాం వస్తోంది లోయ మునిగిపోతుంది అని తేలాక 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో లోయంతా జల్లెడ పట్టారు. వెంకటరామయ్య గారికి అది డ్యూటీ కాదు, ఎవరూ చెయ్యమనలేదు, చూసి ఊరుకోలేకపోయారు. మేం అడుగుతున్నది కూడా ఆయన చేసినలాంటి పనే, ఇంకొంచెం పద్ధతిగా.

1955 డిసెంబర్ 10న నెహ్రూ గారు డ్యాంకి శంకుస్థాపన చేశారు. ఇటు గోడ లేస్తుంటే అటు తవ్వకాలు, ముఖ్యమైన కట్టడాల్ని విప్పి కొన్నిటిని కొండ మీదికి, ఇంకొన్నిటిని ఒడ్డున అనుపుకి తెచ్చి మళ్ళీ కట్టారు. నీళ్ళొచ్చాక ఆ కొండే లంక అయింది, దాని మీద 1966లో మ్యూజియం తెరిచారు. మన సాగర్ నీళ్ళతో ఎన్ని లక్షల ఎకరాలు పండుతున్నాయో ఆ అన్నం తింటున్నవాళ్ళం మాకు తెలుసు, డ్యాం మీద నాకేం ఫిర్యాదు లేదు. కానీ దానికోసం ఊళ్ళు ఖాళీ చేసినవాళ్ళు ఉన్నారు. ఇక్ష్వాకుల సంగతి రాళ్ళ మీద ఉంది, వీళ్ళ సంగతి మాత్రం నేనెక్కడా చదవలేదు.

మ్యూజియంలో మునిగిపోయిన లోయ నమూనా ఒకటి ఉంది, చూసే ఉంటారు. మాకు పెదనాన్న వరస అయ్యే ఒకాయన ఆ లోయలో పుట్టిపెరిగిన మనిషి, ఆయన్ని ఒకసారి తీసుకెళ్ళాం. నమూనా ముందు కాసేపు ఏమీ అర్థం కానట్టు నిలబడ్డాడు, తర్వాత ఏరు ఎటుందో చూసుకున్నాడు, ఇక మొదలుపెట్టాడు. ఇదిగో ఈ వంపు దగ్గర మా చేను, ఇటు నుంచి మాచర్లకి బండ్ల బాట, ఇక్కడ సార్లు గుడారాలు వేసుకుని ఉండేవాళ్ళు, మా అమ్మ తవ్వకాల్లో కూలికి పోయేది, మట్టి గంపలు మోసేది, మట్టిలో పెంకు ముక్క కనపడినా పక్కన పెట్టాలమ్మా పారెయ్యకూడదు అని వాళ్ళకి రోజూ చెప్పేవాళ్ళంట, ఒకసారి పూసలు దొరికితే ఆడవాళ్ళందరూ చుట్టూ చేరి మన పూసల్లాగే ఉన్నాయే అనుకున్నారంట. ఆయన చెప్తుంటే ముందు మేం నలుగురమే, చూస్తుండగానే చుట్టూ జనం మూగారు, కాలేజీ పిల్లలు, ఎవరో కొత్తగా పెళ్ళైన జంట, తెలుగు రాని ఒక కుటుంబం కూడా, వాళ్ళకి పక్కనున్న కుర్రాడు హిందీలో చెప్తున్నాడు. అక్కడున్న సిబ్బందే ఒకాయన కుర్చీ తెచ్చి వేశాడు. లాంచీ టైం అవుతోందని పిలుస్తున్నా ఒకమ్మాయి ఇంకో ప్రశ్న, ఇంకో ప్రశ్న అంటూ వెంటపడింది.

పెదనాన్న ఇప్పుడు లేడు. లోయ ఖాళీ చేసే నాటికి పదేళ్ళ పిల్లలుగా ఉన్నవాళ్ళకి ఇప్పుడు డెబ్బై అయిదు దాటుతున్నాయి. విజయపురి సౌత్, మాచర్ల చుట్టుపక్కల ఊళ్ళల్లో, తండాల్లో ఇంకా కొంతమంది ఉన్నారు. తవ్వకాల్లో కూలి చేసినవాళ్ళ పిల్లలు, డ్యాం పనిలో రాళ్ళు మోసినవాళ్ళ పిల్లలు ఉన్నారు. అందుకే ఈ ఉత్తరం వచ్చే ఏడాది రాద్దాంలే అనుకోలేదు. మీరు ఫైలు కదపడానికి మూడేళ్ళు తీసుకుంటే ఆ కొంతమంది కూడా ఉండరు. వాళ్ళని ద్వీపం దాకా తీసుకురావడం, కూర్చోబెట్టడం, చెప్పింది రికార్డు చెయ్యడం, ఇవన్నీ వాలంటీర్లే చెయ్యగలరు. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, పర్మిషన్ కావాలి.

లాంచీ గురించి ఒక మాట. విజయపురి సౌత్ నుంచి గానీ తెలంగాణ వైపు నుంచి గానీ ఎక్కి కొండకి చేరేదాకా జనం ఏం చేస్తారు, సెల్ఫీలు, పల్లీలు, స్పీకర్లో సినిమా పాటలు. తప్పేం లేదు, సరదాగా వచ్చారు. కానీ వాళ్ళ కాళ్ళ కింద నీళ్ళల్లో విజయపురి ఉంది! ఇక్ష్వాకుల రాజధాని, శ్రీశాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువల శాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు, నలుగురు రాజులు ఏలిన ఊరు. అశ్వమేధం చేశాడని చెప్పుకున్న రాజు ఇంట్లోనే ఆడవాళ్ళు బౌద్ధ స్తూపాలకి దానాలు చేసిన ఊరు. ఒక వాలంటీరు మైకు పట్టుకుని పది నిమిషాలు చెప్తే చాలు, దిగేసరికి వాళ్ళ కళ్ళు వేరేగా చూస్తాయి. ద్వీపం మీద ఉండేదే కొద్ది టైం, మళ్ళీ లాంచీ అందుకోవాలి, ఆ కొద్ది టైంలో ఏం చూడాలో ముందే చెప్పినట్టు అవుతుంది. అన్నిటికంటే తేలిగ్గా మొదలుపెట్టగలిగింది ఇదే అని నా అభిప్రాయం.

చెప్పడానికి ఎంత ఉందో చూడండి. వీరపురుషదత్తుడి మేనత్త శాంతిశ్రీ ఇక్కడి పెద్ద స్తూపం మహాచైత్యానికి దానాలు చేసింది, స్తంభాల మీద ఆమె పేరు ఉంది. ఆ రాజు మేనత్త కూతుళ్ళనే పెళ్ళి చేసుకున్నాడు, శాసనాల్లోనే ఉంది ఈ సంగతి. మేనరికం అని మన ఇళ్ళల్లో ఇప్పటికీ వినే మాటే కదా, ఇది చెప్పగానే మా క్లాసులో వెనక బెంచీ వాళ్ళు కూడా తలెత్తేవాళ్ళు. బోధిశ్రీ అనే ఉపాసిక, రాణి కాదు, మామూలు గృహస్థు కుటుంబం, సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం, అంటే స్తూపం ఉన్న పూజా మందిరం కట్టించింది, ఆమె శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగ, వనవాసి, యవన, తామ్రపర్ణి అని ఎన్ని దేశాల పేర్లో. యుద్ధంలో పోయిన సైనికుల కోసం, సేనాపతుల కోసం నిలబెట్టిన ఛాయా స్తంభాలు ఉన్నాయి. రోమన్ బంగారు నాణేలు దొరికాయి, ఇక్ష్వాకులవి మాత్రం సీసం నాణేలు. ఇందులో ఒక్కొక్కటీ ఒక రోజు చెప్పుకోదగ్గ కథ.

చేసి చూపించడం అంటే కిరీటాలు పెట్టుకుని రాజు వేషాలు వెయ్యమని కాదండి, నాకది అంతగా నచ్చదు కూడా, అట్ట కిరీటం చూస్తే పిల్లలకి స్కూల్ యానివర్సరీ గుర్తొస్తుంది తప్ప ఇక్ష్వాకులు గుర్తుకురారు. పని చూపించాలి. ఉదాహరణకి రాత. నేను క్లాసులో చేసేదాన్ని, ఇప్పటికీ చేస్తాను. ఆ శాసనాలు రాసిన పాత లిపి బ్రాహ్మీలో 'క' అంటే కూడిక గుర్తు, 'ర' అంటే ఒక నిలువు గీత, 'ఠ' అంటే సున్నా, ఇంత తేలిక. తర్వాత నాగార్జునకొండ శాసనాల ఫొటో చూపిస్తే అక్షరాలు గుర్తుపడతారు గానీ ఇదేంటి టీచర్ ఇంత పొడుగు తోకలున్నాయి అంటారు, ఎందుకంటే ఇక్ష్వాకుల లేఖకులు ఆ నిలువు గీతల్ని బాగా సాగదీసి చివర్లు వంకీ తిప్పేవాళ్ళు, ముగ్గులేసే చెయ్యి తిరిగినట్టు తిప్పేవాళ్ళు. అప్పుడు పిల్లలు వాళ్ళ పేరు ఆ తోకలతో రాసుకుంటారు. మన తెలుగు లిపి ఈ రాత నుంచే మారుతూ మారుతూ వచ్చింది అని అప్పుడు చెప్తే ఎక్కుతుంది, ముందే చెప్తే ఎక్కదు. ఇదే పని మ్యూజియం వరండాలో ఒక బెంచీ వేసుకుని చెయ్యొచ్చు, కావలసింది తెల్ల కాగితాలు, స్కెచ్ పెన్నులు. పిల్ల తన పేరు రాసుకుని లోపలికెళ్ళి శాసనం ముందు నిలబడి తన పేరులో అక్షరం వెతుక్కుంటుంది. ఇంక ఆ పిల్లని తరమాల్సిన పనుండదు, బయటికి లాక్కురావాలి.

ఇంకోటి, దుర్గి. మాచర్ల పక్కనే ఉన్న దుర్గి శిల్పాలకి జీఐ గుర్తింపు, అంటే ఈ పని ఈ ఊరిదే అనే గుర్తింపు వచ్చిందని మీకు తెలుసు. అక్కడి శిల్పులు ఇప్పటికీ మెత్తటి రాయి మీద ఉలితో బుద్ధుడి బొమ్మలు, ఆయన పూర్వజన్మల జాతక కథలు చెక్కుతున్నారు. వాళ్ళలో ఒకరు నెలకోసారి వచ్చి మ్యూజియం బయట చెట్టు కింద కూర్చుని చెక్కుతుంటే చాలు. ముందు బొగ్గుతో గీత గీసుకోవడం, చుట్టూ ఉన్న రాయిని కొంచెం కొంచెం తీసేయడం, ముక్కు దగ్గరికి వచ్చేసరికి సుత్తి దెబ్బ ఎంత తగ్గిపోతుందో, రాయి పొడి ఊది మళ్ళీ చూసుకోవడం. అది చూసి లోపలికెళ్ళి మాంధాత జాతకం చెక్కిన రాయి ముందు నిలబడితే అందులో ఎన్ని తలలు, ఎన్ని చేతులు, ఎన్ని రోజుల పని అని వాళ్ళకే తడుతుంది. అయితే ఒక్క మాట, శిల్పుల్ని ఫ్రీగా రమ్మనకండి. వాళ్ళకి అది కూడు పెట్టే పని. మాలాంటి పెన్షన్ ఉన్నవాళ్ళం ఊరికే వస్తాం, వాళ్ళకి రోజు కూలి ఇవ్వండి, చెక్కింది అక్కడే అమ్ముకోనివ్వండి.

అనుపులో తిరిగి కట్టిన రంగస్థలం ఉంది కదా, చుట్టూ మెట్లు, మధ్యలో ఖాళీ చోటు. అక్కడ మధ్యలో నిలబడి మాట్లాడితే పై మెట్టు దాకా వినపడుతుంది. డిగ్రీ కాలేజీ పిల్లలు, నాగార్జున యూనివర్సిటీలో చరిత్ర చదివేవాళ్ళు శిబి కథనో ఇంకో జాతక కథనో పావుగంట నాటకంగా వేస్తే ఎంత బాగుంటుంది. అవతల తెలంగాణ ఒడ్డున బుద్ధవనం అనే బౌద్ధ థీమ్ పార్కు కట్టారు, బాగా కట్టారు, రెండు వైపులా ఒకే వాలంటీర్ల బృందం ఉంటే మంచిది. ఇక్ష్వాకులకి మన జిల్లా హద్దులు తెలియవు కాబట్టి ఈ ఒక్క విషయంలోనైనా రెండు రాష్ట్రాలూ కలిసి కూర్చోండి.

ఇప్పుడు మీకు వచ్చే అనుమానాలు. మొదటిది, ఎవరు పడితే వాళ్ళు వచ్చి ఏది పడితే అది చెప్తారు అని. ఇది నిజమైన భయమే, కొట్టిపారెయ్యను. నాగార్జునకొండ అనగానే చాలామంది బౌద్ధ తత్వవేత్త ఆచార్య నాగార్జునుడు ఇక్కడే ఉన్నాడు, ఇక్కడే విశ్వవిద్యాలయం నడిపాడు అని గట్టిగా చెప్పేస్తారు. ఆయనకి శ్రీపర్వతంతో సంబంధం చెప్పే సంప్రదాయం చాలా పాతది, ఇక్కడి విహారాల్లో చదువులు సాగాయి, కానీ సంప్రదాయం వేరు, శాసనం వేరు. ఈ తేడా చెప్పగలిగినవాళ్ళనే నిలబెట్టండి. వారం రోజులు మీ ఆఫీసర్లు క్లాసు తీసుకోండి, చెప్పాల్సినవి తెలుగులో ఒక పుస్తకంగా ఇవ్వండి, పరీక్ష పెట్టండి, ఫెయిలైతే పంపించెయ్యండి. ముప్పై ఏళ్ళు పరీక్షలు పెట్టినవాళ్ళం, రాయడానికి మాకేం నామోషీ లేదు.

రెండోది భద్రత. వాలంటీరు అంటే ఇంకో జత కళ్ళు అండి. రాయి మీద పేర్లు గీకేవాడు పక్కన ఎవరూ లేనప్పుడే గీకుతాడు, ఎదురుగా ఒక టీచరమ్మ నిలబడి కథ చెప్తుంటే గీకడు. తాళాలు, అల్మారాలు, స్టోరు రూము, వీటి జోలికి మేం రాం, మాకక్కర్లేదు.

మూడోది నేనే లేవనెత్తుతున్నాను, మీరు అడగకపోయినా. వాలంటీర్లు వచ్చారు కదా అని ఉద్యోగాలు తగ్గించకండి. ఖాళీ పోస్టులు మాతో నింపితే మాత్రం మేమే వద్దంటాం. లైసెన్సు ఉన్న గైడ్ల పొట్ట కొట్టే పని కూడా చెయ్యం, డబ్బిచ్చి గైడుని పెట్టుకునేవాళ్ళు పెట్టుకుంటారు, మేం చూసేది గవర్నమెంట్ స్కూల్ బస్సుల్లో వచ్చే పిల్లల్ని, లాంచీ టికెట్టుకే లెక్కలేసుకుని వచ్చే కుటుంబాల్ని.

భాష గురించి కూడా అడగాలి. తెలుగులో చెప్పండి అంటే కొంతమంది పురావస్తు భాష తెలుగులో చెప్తారు, ఆయక స్తంభాలు, అర్ధచంద్రశిల, అండము, వేదిక, అలా గుక్క తిప్పుకోకుండా. అది కూడా పిల్లలకి చేరదు. మామూలుగా, మనం ఇంట్లో మాట్లాడుకునేలా చెప్పేవాళ్ళు కావాలి. లంబాడీ భాషలో చెప్పేవాళ్ళు ఒక్కరైనా ఉండాలి, ఆ లోయ చుట్టూ తండాలు ఉన్నాయి, ఆ పిల్లలకి వాళ్ళ భాషలో ఒక్కసారైనా ఈ కథ వినే హక్కుంది.

నేను ఈ మధ్య నాతో పనిచేసిన టీచర్లకి, పాత స్టూడెంట్లకి ఫోన్లు చేసి అడిగాను, వస్తారా అని. తెలుగు పండితులున్నారు, ఒక డ్రాయింగ్ మాస్టారు ఉన్నారు, పోస్టాఫీసులో చేసి రిటైరైనాయన ఉన్నాడు, నాణేలంటే ప్రాణం ఆయనకి, ఇద్దరు డిగ్రీ చదివే పిల్లలున్నారు, దుర్గి నుంచి ఒక శిల్పి కుటుంబంతో మాట్లాడాం. వద్దు అన్నవాళ్ళు ఒక్కరూ లేరు, అందరూ అడిగింది ఒకటే, మమ్మల్ని లోపల మాట్లాడనిస్తారా అని. దానికి జవాబు నా దగ్గర లేదు, మీ దగ్గరే ఉంది.

నవంబర్ 19 నుంచి 25 దాకా ప్రపంచ వారసత్వ వారోత్సవాలు వస్తాయి. ఆ ఒక్క వారం ట్రయల్‌గా పెట్టి చూడండి. లాంచీలో ఒకరు, లోయ నమూనా దగ్గర ఒకరు, వరండాలో బ్రాహ్మీ బెంచీ దగ్గర ఇద్దరు, అనుపులో కాలేజీ పిల్లలు. మీ ఆఫీసరు ఒకరు వారమంతా మా వెనకే తిరిగి వినండి, తప్పు చెప్తే అక్కడికక్కడే ఆపండి. మా లాంచీ టికెట్లు మేమే కొనుక్కుంటాం, భోజనం క్యారియర్లు మేమే తెచ్చుకుంటాం. లోయలో పుట్టిన పెద్దవాళ్ళని మెట్లు ఎక్కించి తీసుకురావడానికి మాత్రం ఒక వీల్‌చైరు, రేవు దగ్గర పట్టుకోవడానికి ఇద్దరు మనుషులు కావాలి, అది మీరు ఏర్పాటు చెయ్యండి. పేర్ల లిస్టు, ఎవరు ఏ రోజు రాగలరో అన్నీ రాసి పెట్టాను, అడిగిన రోజు పంపిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ టీచర్,
పల్నాడు జిల్లా